ఇరవై రూపాయల కోసం వచ్చిన మనిషి

అందరికీ నమస్కారం.

కథల్లో, సినిమాల్లో కనిపించే చిన్న పాత్రల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చిన్న పాత్ర అనగానే మనకి ముందు గుర్తొచ్చేది భుజం మీద తువ్వాలు వేసుకుని కాఫీ పట్టుకొచ్చే రామయ్య. కాఫీ ఇస్తాడు, వెళ్లిపోతాడు. వంటింట్లోకి వెళ్లాక అతనేం చేస్తాడో మనకి తెలీదు, ఆ కథ రాసినవాళ్లకీ తెలీదు. నేను రామయ్య దగ్గర కాకుండా, ఒక ఆవిడ దగ్గర మొదలుపెడతాను.

‘కన్యాశుల్కం’ ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. విజయనగరం, బొంకుల దిబ్బ, సాయంత్రం వేళ. గిరీశం ఒక్కడే ఉంటాడు. తెర లేచిన వెంటనే మనకి తెలిసే సంగతి ఏమిటి? సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, ఆ డబ్బంతా మధురవాణి అనే వేశ్య మీద ఖర్చుపెట్టేశాడని. అంత పెద్ద నాటకం ఈ ఇరవై రూపాయల మీద మొదలవుతుంది. 1892లో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన ఆ నాటకంలో ఈవిడకి పేరు లేదు. పూటకి ఇంతని తీసుకుని అన్నం పెడుతుంది కాబట్టి పూటకూళ్లమ్మ. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే మెస్ నడిపే ఆవిడ. భర్త పోయిన మనిషి, ఆ కాలంలో, నలుగురికి వండిపెట్టి బతుకుతోంది.

తర్వాత ఆవిడ మధురవాణి ఇంటికి చీపురుకట్టతో వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు. అక్కడ అప్పటికే మధురవాణి కోసం వచ్చిన ఇంకో పెద్దమనిషి రామప్పంతులు దాక్కుని ఉంటాడు, చీపురు దెబ్బ ఆయనకి తగులుతుంది. హాల్లో అందరూ నవ్వుతారు. నేనూ ఎన్నోసార్లు నవ్వాను. కానీ ఒకసారి చదువుతున్నప్పుడు ఆగిపోయాను. ఈ గదిలో ఉన్నవాళ్లలో నిజం మాట్లాడుతున్నది ఎవరు? గిరీశం మాటలన్నీ గాలి మాటలు. రామప్పంతులు దర్జా మొత్తం మంచం కింద ఉంది. పూటకూళ్లమ్మ ఒక్కతే ఉన్న మాట అంటోంది. పైగా ఆవిడ మనల్ని నవ్వించడానికి రాలేదు, గిరీశం ఎలాంటివాడో మనకి చూపించడానికీ రాలేదు. తన డబ్బు కోసం వచ్చింది. సంత సరుకులు రాలేదు, మర్నాడు పొయ్యి మీద ఏం పెట్టాలి? ఆ టెన్షన్‌తో వచ్చింది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. చిన్న పాత్ర కథలోకి తన పని మీద రావాలి. హీరో పని మీద కాదు. తన పని మీద వచ్చిన మనిషి రెండు నిమిషాలున్నా మనకి గుర్తుంటుంది. ఇంకొకరి పని మీద వచ్చిన మనిషి రెండు గంటలు తెర మీదున్నా మనసులో మిగలదు.

ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఒకసారి నా కథ పత్రికలో వచ్చింది. భార్యాభర్తలు రాత్రి భోజనాల దగ్గర గొడవపడతారు. పనామె వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ గొడవ వింటుంది, తర్వాత అది పక్కింటికి చేరుతుంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి వాళ్లమ్మాయి ఆ కథ చదివి వినిపించిందట. ఇంటర్ చదువుతోంది ఆ పిల్ల. మర్నాడు ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి అడిగింది: “అమ్మా, రాత్రి తొమ్మిదింటికి ఆమె వాళ్లింట్లో ఎందుకుందమ్మా? ఇంటికెళ్లి పిల్లలకి వండుకోవద్దా?”

నేనేం చెప్పలేకపోయాను. ఆ గొడవ ఎవరో ఒకరు వినాలి కాబట్టి ఆమెని అక్కడ నిలబెట్టాను. ఆమె ఇంట్లో పిల్లలు ఆకలితో ఎదురుచూస్తుంటారని నాకు తట్టలేదు. తప్పు కథలో మాత్రమే కాదు, నేను మనిషిని చూసే తీరులోనే ఉంది.

మన పాత కథకులకి ఈ చూపు ఉంది. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ చూడండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని అందరం గర్వంగా చెప్పుకుంటాం. కథలో రావుగారు పెద్దమనిషి, నియమాలతో బతికే మనిషి, ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళ్తున్నాడు. బిచ్చగత్తె వచ్చి చెయ్యి చాస్తే ఇవ్వడు. తర్వాత తుఫాను రాత్రి, చిన్న స్టేషను, చీకటి. ఆయన నియమాలు ఏవీ ఆయన్ని కాపాడవు. ఆ బిచ్చగత్తే ధైర్యం చెబుతుంది, చలికి వణికే మనిషికి తన ఒంటి వెచ్చదనం ఇస్తుంది.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఆమె దేవత అయిపోయేది. అంటే మళ్లీ రావుగారి కోసం పుట్టిన పాత్రే. పద్మరాజు గారు అలా చెయ్యలేదు. అదే రాత్రి ఆమె ఆయన పర్సు కొట్టేస్తుంది. ఓదార్చిన చెయ్యీ అదే, దొంగిలించిన చెయ్యీ అదే. తుఫానొచ్చినా ఆమె బతుకు ఆమెకుంది, రేపటి కూడు సంపాదించుకోవాలి. తెల్లారేసరికి ఆమె ఆ తుఫానులో చనిపోయి ఉంటుంది. ఆమె శవం దగ్గర తన పర్సు కనిపించినా రావుగారికి కోపం రాదు. ఆమెకీ పేరు లేదు. అయినా ఆ కథ తల్చుకుంటే నాకు ముందు వినిపించేది రావుగారి ఉపన్యాసం కాదు, ఆ చీకట్లో ఆమె గొంతు.

సినిమాల్లో ఈ విషయంలో మనం చాలాకాలం వెనకబడి ఉన్నాం. తెలంగాణ మాట రౌడీకో కమెడియన్‌కో, శ్రీకాకుళం మాట పనిమనిషికో ఇచ్చేవాళ్లు. హీరో ఏ ఊరివాడైనా కృష్ణా, గుంటూరు వైపు మాటే మాట్లాడేవాడు. ఒక ప్రాంతం మాట వినిపించగానే హాల్లో నవ్వు మొదలైతే, ఆ మాట ఇంట్లో మాట్లాడుకునే పిల్లాడు ఆ హాల్లో కూర్చుని ఏమనుకుంటాడు? ఈ బాధ తెలంగాణలో, ఉత్తరాంధ్రలో చాలామంది చెప్పగా విన్నాను. అది చిన్న బాధ కాదు.

అందుకే 2023లో వచ్చిన ‘బలగం’ నాకు చాలా ఇష్టం. తీసింది వేణు యెల్దండి. ఎన్నో ఏళ్లు చిన్న చిన్న హాస్య పాత్రలు వేసిన నటుడు. బహుశా అందుకేనేమో, ఎవరు ఎక్కడ నిలబడతారో ఆయనకి బాగా తెలుసు. కొమురయ్య చనిపోతాడు. పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఇంటివాళ్లు ఒకరి మీద ఒకరు నేరం మోపుకుంటారు. కొడుకులు, కూతురు, అల్లుడు, మనవడు, ఎవరి పంతం వాళ్లది. చివరికి పదకొండో రోజున ఇద్దరు బయటివాళ్లు వస్తారు. బుడగ జంగాల కళాకారులు. చావింట పాడటం వాళ్ల పని. నిలబడి కొమురయ్య గురించి పాడతారు, అంతే. ఆ పాట నడుస్తుండగా ఒక్కొక్కరి మొహం కరిగిపోతుంది.

ఆ ఇద్దరూ నటులు కాదు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ అనే భార్యాభర్తలు, బతుకంతా ఊరూరా తిరిగి పాడినవాళ్లు. కథలో వాళ్లకి ఆ కుటుంబంతో ఏ చుట్టరికమూ లేదు. అయినా ఇంటివాళ్లు మర్చిపోయిన మనిషిని వాళ్లే గుర్తుచేశారు. ఆ సినిమాని ఊళ్లలో తెరలు కట్టుకుని అందరూ కలిసి చూశారు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతు మాత్రం ఆ సినిమాలో ఉండిపోయింది.

ఇక నా కథ సంగతి. పుస్తకంలో వేసేటప్పుడు దాన్ని మళ్లీ రాశాను. రాస్తూ రెండుసార్లు మా ఇంట్లో ఆవిణ్ణే అడిగాను, ఎన్నింటికి లేస్తావు, ఎన్ని ఇళ్లు చేస్తావు, మా ఇల్లు ఎన్నోది అని. మాది మూడోదట. అన్నేళ్లుగా అది కూడా నాకు తెలీదు. ఇప్పుడు ఆ కథలో పనామె గొడవ వినదు. ఆ టైముకి తన ఇంట్లో అన్నం వారుస్తూ ఉంటుంది. పొద్దున్నే వస్తుంది, సింకు దగ్గర నిలబడి కుళాయి తిప్పుతుంది. రోజూ రెండు కంచాలుండేవి. ఇవాళ ఒక్కటే ఉంది.