షేక్స్‌పియర్ సమాధి దగ్గర మా వాడి అనుమానం

నమస్కారమండీ. రాజమహేంద్రవరంలో ఉన్న మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట: "అంత దగ్గరలో ఉండి షేక్స్‌పియర్ సమాధి చూపించవేమే?" అందుకే ఈ శనివారం బర్మింగ్‌హామ్‌లో రైలెక్కి స్ట్రాట్‌ఫర్డ్ వచ్చాం.

ఏవన్ నది ఒడ్డున పులిహోర డబ్బా మూత తీశానో లేదో, రెండు హంసలు మీదికొచ్చాయి. సరస్వతీదేవి వాహనమని చిన్నప్పుడు దణ్ణం పెట్టుకున్నదాన్ని, ఇవాళ గొడుగుతో అదిలించాను.

ఇదిగో, హోలీ ట్రినిటీ చర్చి. 1564లో బాప్తిస్మం ఇక్కడే, 1616లో ఖననమూ ఇక్కడే. ఆ రాతి మీద చూడండి, పేరు లేదు! నాలుగు పంక్తులు, అంతే. ఈ రాళ్ల జోలికి రానివాడికి దీవెన, నా ఎముకలు కదిపినవాడికి శాపం.

మా అబ్బాయికి పదేళ్లు. వాడికి తెలిసిన షేక్స్‌పియర్ అమెరికాలో జరిగే 'ది సింప్సన్స్' కార్టూనులోని శవం. 1992 నాటి హాలోవీన్ భాగమది. పిల్లలు చచ్చిపోయిన పిల్లిని బతికించబోతే ఊళ్లో శవాలు జాంబీలై లేచి కూర్చుంటాయి. వాళ్ల నాన్న హోమర్ తుపాకీతో వాషింగ్టన్‌ను, ఐన్‌స్టీన్‌ను కాల్చి, మూడో గుండు ఈయనకు దించుతాడు. ఈయనేమో నాటకంలో ప్రాణం విడిచే రాజులా, "జాంబీ షేక్స్‌పియర్ కథ ఇంతటితో ముగిసినట్టేనా?" అని కూలిపోతాడు. కొన్ని క్షణాలే. బట్టతల, మెడచుట్టూ ఆ కుచ్చుల పట్టీ కనిపిస్తే చాలు, పరిచయం అక్కర్లేదు.

మా వాడు రాతి మీది శాపం చదివి నా చెవిలో అన్నాడు: "అమ్మా, కదపొద్దని రాశాడు కదా, మరి అమెరికా దాకా ఎలా వెళ్లాడు?"

పక్కనున్న చర్చి పెద్దావిడ ఏమిటని అడిగింది. చెప్పాను, తిడుతుందనుకుంటూనే. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది! మా ఊళ్లో కందుకూరి పంతులుగారిని, అదే ఈయన నాటకాన్ని 'చమత్కార రత్నావళి'గా తెలుగు చేసిన మహానుభావుణ్ణి, ఇలా శవంగా చూపిస్తే ఊరుకుంటామా? మరునాటికి మనోభావాలు, ధర్నా, దిష్టిబొమ్మ. ఇక్కడ దుకాణంలో షేక్స్‌పియర్ తలతో రబ్బరు బాతులు అమ్ముతున్నారు. 7 పౌండ్లు, అంటే దాదాపు 800 రూపాయలు. కొనలేదు. సరే, కొన్నాను.

బయటికొచ్చి నాన్నగారికి వీడియో కాల్ చేశాను. సమాధి దృశ్యం చూపిస్తే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. పోయినసారి కంటే మెడ సన్నబడినట్టుంది. అందుకని మా వాడి అనుమానం చెప్పాను. పకపకా నవ్వారు.

"ఆ తుపాకీ ముక్క కూడా పంపించవే," అన్నారు. "బాతు మాత్రం పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా."