కాందిశీకులు: గీత దాటిన తరువాత

[తెరపై: తెల్లని తెర. మధ్యలో ఒకే మాట, కాందిశీకుడు]

తెలుగు పత్రికల్లో ఒకప్పుడు విరివిగా కనిపించిన మాట ఇది. ఇప్పుడు ఎక్కువగా శరణార్థి అంటున్నాం. కానీ ఈ పాత మాటలో ఒక ప్రశ్న దాగి ఉంది. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకు’ అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. శరణార్థి అన్నప్పుడు శరణు అడగడానికి ఎదుట ఎవరో ఒకరు ఉన్నారన్న భావం వస్తుంది. కాందిశీకుడికి ఎదుట ఇంకా ఎవరూ లేరు. ఉన్నదంతా వెనుక తరుముకొచ్చే భయమే.

ఆ స్థితి నుంచి, ఎవరో నీళ్ల డబ్బా చేతికి అందించే దాకా మధ్యలో ఏం జరుగుతుంది? ఆ డబ్బా అందించేవారిని ఎవరు పంపారు? ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? పెట్టుకోవాలని వారిని బలవంతపెట్టే చట్టం ఏదైనా ఉందా? ఈ వీడియోలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ చివరి ప్రశ్న గురించే.

[తెరపై: పటం. సూడాన్ పశ్చిమ అంచు, చాద్ తూర్పు అంచు]

2023 ఏప్రిల్‌లో సూడాన్ సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. జూన్ నాటికి అది పశ్చిమ డార్ఫూర్‌లోని ఎల్ జెనీనా నగరాన్ని కబళించింది. ఆర్‌ఎస్‌ఎఫ్, దానికి తోడైన సాయుధ ముఠాలు అక్కడి మసాలిత్ తెగవారిని వెతికి మరీ చంపాయి. ప్రాణాలతో మిగిలినవారు చాద్ సరిహద్దు పట్టణమైన అద్రే వైపు నడిచారు. దూరం సుమారు 30 కిలోమీటర్లు. దారి పొడవునా కాల్పులే. అద్రేలోని చిన్న ఆసుపత్రికి మూడు రోజుల్లోనే వందల మంది గాయాలతో వచ్చి పడ్డారు.

ఆ దారిలో ఎక్కడో ఒకచోట పటం మీది గీత ఉంది. బిడ్డను ఎత్తుకుని నడుస్తున్న ఒక తల్లి ఆ గీతను దాటిన క్షణంలో ఆమెలో ఏమీ మారదు. అదే దాహం, అవే పుండ్లు పడిన పాదాలు. చట్టం మాత్రం ఆమెను అక్కడి నుంచి మరో పేరుతో పిలుస్తుంది. గీతకు అవతల ఉన్నంతసేపూ ఆమె ‘అంతర్గత నిర్వాసితురాలు’. అంటే ఆమె బాధ్యత, ఆమెను కాపాడలేకపోయిన ఆ దేశానిదే. గీత దాటితేనే ఆమె శరణార్థి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో ఇళ్లు వదిలి పారిపోయినవారు 12.32 కోట్లు. వారిలో 7.35 కోట్ల మంది తమ దేశంలోనే, గీతకు లోపలే ఉండిపోయారు. దాటి శరణార్థులైనవారు 4.27 కోట్లు. వార్తల్లో మనకు ఎక్కువగా కనబడేది ఈ రెండో గుంపే. మొదటి గుంపు దగ్గరకు కెమెరాలూ సులభంగా వెళ్లలేవు, సహాయ లారీలూ వెళ్లలేవు.

[తెరపై: నలుపు తెలుపు చిత్రం. రేవులో ఓడ]

గీత దాటితే దొరికే ఆ హక్కు ఎలా పుట్టిందో చెప్పాలంటే ఒక ఓడ కథ చెప్పాలి. 1939 మేలో సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మంది ప్రయాణికులతో జర్మనీ నుంచి క్యూబాకు బయలుదేరింది. వారిలో దాదాపు అందరూ యూదులు. క్యూబా కొద్దిమందిని తప్ప మిగిలినవారిని దిగనివ్వలేదు. అమెరికా కాదంది. కెనడా కాదంది. ఓడ తిరిగి ఐరోపాకే వెళ్లింది. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ వారిని పంచుకున్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ చివరి మూడు దేశాలూ హిట్లర్ సేనల వశమయ్యాయి. ఆ ప్రయాణికుల్లో 254 మంది తరువాత నాజీ మారణకాండకు బలయ్యారు.

అమెరికా తీరంలోని దీపాలు ఆ ఓడ మీది నుంచి కనిపించాయంటారు. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

యుద్ధం ముగిశాక ఇలాంటిది మళ్లీ జరగకూడదన్న సంకల్పంతో 1951 జులై 28న జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ అయిదింటిలో ఏదో ఒక కారణంగా తనను వేధిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం వదిలినవారే శరణార్థులని అది నిర్వచించింది. ఆ జాబితాలో ఆకలి లేదు, కరువు లేదు. అందరి మీదా ఒకేలా బాంబులు కురిసే యుద్ధం కూడా పేరు పెట్టి లేదు. మొదట్లో అది 1951కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. ఆ పరిమితిని 1967లో తీసేశారు. ఆఫ్రికా దేశాలు 1969లో తమ సొంత ఒప్పందంలో యుద్ధాన్నీ, దురాక్రమణనూ చేర్చుకున్నాయి. లాటిన్ అమెరికా దేశాలు 1984లో కార్టహేనా ప్రకటనతో దాదాపు అదే దారి పట్టాయి. ధనిక దేశాలు ఆ మాత్రం విశాలం కాలేదు.

ఇక వలస వచ్చినవారు, అంటే పని కోసం, మెరుగైన బతుకు కోసం కదిలినవారు, ఈ నిర్వచనంలోకి రారు. కాగితం మీద ఈ తేడా స్పష్టం. పడవలో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. యుద్ధం వల్ల పారిపోయిన మనిషి పొరుగు దేశంలో మూడేళ్లు పని దొరకక పస్తులుండి మళ్లీ బయలుదేరితే, అప్పుడు అతడు ఎవరు? రెండు మాటలూ అతడికి వర్తిస్తాయి. అందుకే ముందు వినాలి, తరువాతే పేరు పెట్టాలి. వినకముందే ‘అక్రమ వలసదారు’ అనేయడం అన్యాయం. ప్రమాదం నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు కారణం చెప్పుకున్నవారిని అనుమతి లేకుండా ప్రవేశించారని శిక్షించరాదని ఆ ఒప్పందంలోని 31వ అధికరణే చెబుతోంది.

[తెరపై: ‘33’ అన్న అంకె]

అన్నిటికీ ప్రాణం 33వ అధికరణ. ప్రాణానికో, స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదు. అంతే. ఒప్పందంలో చదువు, కోర్టులు, పని లాంటి హక్కులు ఇంకా ఉన్నాయి. కానీ అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇదే.

ఇప్పుడు ఈ వాక్యంలో లేనిది గమనించండి. వచ్చినవారిని దేశాలు ఎలా పంచుకోవాలో ఇందులో లేదు. తిండికి డబ్బు ఎవరు ఇవ్వాలో లేదు. శరణార్థుల సంస్థ బడ్జెట్ దాదాపు మొత్తం దేశాలూ, ఇతర దాతలూ తమంతట తాముగా ఇచ్చే విరాళాలే. అంటే తిప్పి పంపకపోవడం బాధ్యత, ఆదుకోవడం దయ. బాధ్యత మాత్రం ఎవరి నేల మీద కాలు పెడితే వారి మీద పడుతుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగిలిన చిక్కుముడులు చాలా వరకు వాటంతట అవే విడిపోతాయి.

శరణార్థుల్లో మూడింట రెండు వంతుల మంది పొరుగు దేశంలోనే ఎందుకు ఆగిపోతారు? నడిచి చేరగలిగేది అంతవరకే. అందుకే 2024 చివరికి 73 శాతం భారం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల మీద పడింది. వాటిలో జోర్డాన్, లెబనాన్, బంగ్లాదేశ్ ఈ ఒప్పందం మీద సంతకం కూడా చేయలేదు. సంతకం చేయకుండానే లక్షల మందికి చోటిచ్చాయి.

దూరాన ఉన్న దేశాలు ఏం చేస్తాయి? కాలు తమ నేలను తాకకుండా చూసుకుంటాయి.

[తెరపై: విమానాశ్రయం కౌంటర్]

సముద్రం దాటించడానికి దళారికి వేల డాలర్లు ఇచ్చేవారు విమానం టికెట్ ఎందుకు కొనుక్కోరు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు విమాన సంస్థ కౌంటర్ దగ్గర ఉంది. వీసా లేని ప్రయాణికుడిని ఎక్కించుకుంటే విమాన సంస్థకు భారీ జరిమానా పడుతుంది, అతడిని వెనక్కి తీసుకెళ్లే ఖర్చూ దానిదే. ఐరోపాలో, అమెరికాలో ఇది చట్టం. కాబట్టి ఎవరి భయం నిజమో తేల్చే పని కౌంటర్‌లోని ఉద్యోగి పెట్టుకోడు, వీసా ఉందా లేదా అని మాత్రమే చూస్తాడు. యుద్ధం నుంచి పారిపోయేవారి కోసమని ప్రత్యేకంగా ఇచ్చే వీసా చాలా కొద్ది దేశాల్లోనే ఉంది. ఆశ్రయం అడగాలంటే అక్కడికి చేరాలి, చేరడానికి చట్టబద్ధమైన దారి దాదాపు లేదు. ఆ ఖాళీలోనే దళారి బతుకుతున్నాడు.

మధ్యధరా సముద్రం చూడండి. 2013 అక్టోబరు 3న ఇటలీ దీవి లాంపెడూసా దగ్గర పడవ మునిగి 368 మంది చనిపోయారు. ఇటలీ కదిలిపోయి తన నౌకాదళంతో రక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఏడాదిలో దాదాపు లక్షన్నర మందిని కాపాడింది. ఖర్చు పంచుకోవడానికి తోటి దేశాలు ముందుకు రాలేదు. కాపాడితే ఇంకా వస్తారన్న వాదన బలపడింది. 2014 అక్టోబరులో ఆపేశారు. ఆరు నెలలు తిరగకముందే, 2015 ఏప్రిల్ 18న, ఒక్క ఓడ మునకలో ఎనిమిది వందల మందికి పైగా జలసమాధి అయ్యారు. కాపాడడం ఆగింది కానీ రావడం ఆగలేదు.

ఇంకో సంగతి. పట్టుకున్నవారిని నడిసముద్రం నుంచి లిబియాకు తిప్పి పంపడం చట్టవిరుద్ధమని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2012లో ఇటలీకి చెప్పింది. తరువాత అయిదేళ్లకు ఇటలీ, ఐరోపా సమాఖ్య కలిసి లిబియా తీర రక్షక దళానికే పడవలు, శిక్షణ, డబ్బు ఇచ్చి, ఆ పని వారి చేత చేయించడం మొదలుపెట్టాయి. ఇలా వెనక్కి చేరినవారు నిర్బంధ కేంద్రాల్లో అనుభవించిన చిత్రహింసలను ఐక్యరాజ్యసమితి పరిశీలకులు నమోదు చేశారు. 33వ అధికరణలో ఒక్క అక్షరం మారలేదు. దాని చేతికి అందని చోటికి పనిని జరిపేశారు.

[తెరపై: నీళ్ల కుళాయి, వరుసగా డబ్బాలు]

మళ్లీ అద్రే దగ్గరకు, గీతకు ఇవతలికి వద్దాం. చేతికి నీళ్లు అందించేవారి పని నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే భాగం. ఎందుకంటే దాన్ని వారు తప్పుల నుంచి నేర్చుకున్నారు.

1994 జులైలో రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది అప్పటి జైరే (ఇప్పటి కాంగో) దేశంలోని గోమా చేరారు. అది అగ్నిపర్వతం కింది నేల. నల్లని లావా రాయి. మరుగుదొడ్డికి గుంట తవ్వలేరు, చనిపోయినవారికి గొయ్యి తవ్వలేరు. కివూ సరస్సు నీళ్లే తాగారు. కలరా, రక్త విరేచనాలు. తొలి నెలలోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు. పైగా రువాండాలో మారణహోమం జరిపినవారే ఆ గుంపులో కలిసి వచ్చి, శిబిరాలను గుప్పిట్లో పెట్టుకుని, ఆహార పంపిణీని తమ బలానికి వాడుకున్నారు. కొన్ని సహాయ సంస్థలు భరించలేక వెళ్లిపోయాయి. ఉండాలా, వెళ్లాలా అన్న ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు.

ఆ అనుభవం తరువాతే సహాయ సంస్థలు కూర్చుని కనీస ప్రమాణాలు రాసుకున్నాయి. స్ఫియర్ ప్రమాణాలంటారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. కుళాయి 500 మీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి. తలకు మూడున్నర చదరపు మీటర్ల కప్పు. రోజుకు 2,100 క్యాలరీల తిండి. అంకెలు పొడిగా అనిపిస్తాయి కానీ ఒక్కో దాని వెనుక ఒక అనుభవం ఉంది. కుళాయి దూరమైతే నీళ్లకు వెళ్లేది ఆడపిల్లలు, చీకటి పడితే దాడులు జరిగేది వారి మీదే. మరుగుదొడ్డికి లోపలి గడియ, దారిలో దీపం ఉండాలని రాసింది అందుకే.

పిల్లల కోసం ఒక రంగుల పట్టీ ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ చేయి పైభాగం చుట్టూ దాన్ని చుడతారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే ఎరుపు. ప్రాణాపాయం. గుర్తించడానికి డాక్టరు అక్కర్లేదు, త్రాసు అక్కర్లేదు. ఎరుపు వచ్చిన బిడ్డకు వేరుశనగ ముద్ద పొట్లాలు ఇస్తారు. ఒక్కో పొట్లంలో 500 క్యాలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు కాబట్టి కలుషిత నీటి భయం లేదు. దీన్ని 1990లలో ఫ్రాన్స్‌లో రూపొందించారు. అంతకుముందు ఆసుపత్రిలో చేర్చి పాలపొడి పట్టవలసి వచ్చే పిల్లల్లో చాలామంది ఇప్పుడు తల్లి ఒడిలోనే కోలుకుంటున్నారు.

అత్యవసర పరిస్థితిని ఎదుర్కోవడం ప్రపంచం ఇలా నేర్చుకుంది. నేర్చుకోనిది ఆ తరువాతి పదేళ్లు, ఇరవై ఏళ్లు.

[తెరపై: ఎర్రమట్టి దారి, వరుస గుడిసెలు]

కెన్యాలోని దదాబ్ శిబిరం 1991లో సోమాలియా నుంచి పారిపోయి వచ్చినవారి కోసం తాత్కాలికంగా తెరిచారు. అక్కడ పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు. శిబిరం దాటి వెళ్లాలంటే అనుమతి పత్రం కావాలి. పని చేసే దారి మూసేశాక సహాయం మీదే బతకక తప్పదు. ఆ సహాయమేమో ఇచ్చేవారి దయ. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో రోహింగ్యాలకు జరిగింది ఇదే. నెలకు తలకు 12 డాలర్ల విలువైన ఆహార కూపన్, విరాళాలు తగ్గడంతో 2023 మార్చిలో 10 డాలర్లయింది, జూన్‌లో 8 అయింది. అంటే అప్పట్లో పూటకు తొమ్మిది సెంట్లు కూడా కాదు. శిబిరం బయట పని చేయడానికి వారికి అనుమతి లేదు.

కెన్యా పక్కనే మరో నమూనా ఉంది. ఉగాండా పేద దేశమే. అయినా శరణార్థులు పని చేయవచ్చని, దేశంలో తిరగవచ్చని 2006లో చట్టం చేసింది. సాగుకు కొంత భూమి కూడా ఇస్తుంది. భూమి చాలడం లేదు, వచ్చేవారు ఆగడం లేదు, అక్కడా రేషన్ తగ్గింది. కానీ అక్కడి శరణార్థి ఉదయం లేచి పనికి వెళ్లగలడు.

ధనిక దేశాల వల్ల కాదని కూడా అనలేం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలైన పది రోజుల్లోపే ఐరోపా సమాఖ్య 2001 నుంచి వాడకుండా ఉంచిన తాత్కాలిక రక్షణ నిబంధనను తొలిసారి అమల్లోకి తెచ్చింది. పని, బడి, వైద్యం, నివాసం, అన్నిటికీ హక్కు. ఒక్కొక్కరి దరఖాస్తును విడిగా విచారించే ఆలస్యం లేదు. నలభై లక్షలకు పైగా మనుషులు అలా నిలదొక్కుకున్నారు. అంతా మంచి జరిగింది. సిరియా, అఫ్గానిస్తాన్ వారికి ఆ తలుపు ఎందుకు తెరవలేదన్న ప్రశ్నకు మాత్రం నాకు ఇంతవరకు సరైన జవాబు దొరకలేదు.

2025లో అమెరికా విదేశీ సహాయాన్ని తెగ్గోసింది. శరణార్థుల సంస్థకు అప్పటివరకు అందిన నిధుల్లో అతిపెద్ద వాటా ఆ దేశానిదే. వేలాది ఉద్యోగాలు పోయాయి, కార్యాలయాలు మూతపడ్డాయి. దయ మీద కట్టిన ఇల్లు గనుక శరణార్థులు దాన్ని తమ హక్కుగా అడగడానికి వీల్లేదు.

[తెరపై: సిరియా సరిహద్దు దారి. సామాన్లు కట్టిన వాహనాలు]

2024 డిసెంబరు 8న సిరియాలో అసద్ పాలన కూలింది. 2025 సెప్టెంబరు నాటికి పది లక్షల మందికి పైగా తిరిగి వెళ్లారు. వెళ్లేముందు చాలా కుటుంబాలు చూసి రావాలనుకున్నాయి. మామూలుగా శరణార్థి ఒకసారి స్వదేశం వెళితే రక్షణ కోల్పోయే ప్రమాదం ఉంది. అందుకని టర్కీ 2025 తొలి ఆరు నెలల్లో కుటుంబానికి ఒకరు మూడుసార్లు వెళ్లి రావడానికి అనుమతి ఇచ్చింది. ఆ ఒక్కరు వెళ్లి ఇల్లు నిలిచి ఉందో లేదో, పైకప్పు ఉందో లేదో, బావిలో నీళ్లున్నాయో లేవో, పొలంలో మందుపాతరలు మిగిలాయో చూస్తారు. ఫోన్‌లో ఫొటోలు తీసుకుని మళ్లీ గీత దాటి వస్తారు. రాత్రి ఇంటిల్లిపాదీ ఆ ఫొటోల చుట్టూ చేరి, వెళదామా, ఉందామా అని మాట్లాడుకుంటారు.