బీరువాలో పట్టుచీర, నలభైలో తొలి కాన్పు

"గుంటూరులో డెబ్బై దాటినావిడే కవలల్ని కన్నది, నాకింకా 39, తొందరేముంది?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 2019లో ఆ కాన్పు జరిగిన మాట నిజమే. కానీ అండాలు ఆవిడవి కావు, దాత ఇచ్చినవి. ఆ ఒక్క ముక్కే అందరూ మర్చిపోతారు. పైగా సంతాన సాఫల్య చికిత్సలపై 2021 చట్టం వచ్చాక యాభై దాటిన ఆడవాళ్లకు ఐవీఎఫ్ (అండాన్ని ల్యాబులో ఫలదీకరించి గర్భసంచిలో పెట్టడం) చేయకూడదు.

గర్భసంచి వయసును బాగానే తట్టుకుంటుంది. చిక్కంతా అండంతోనే. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే అండాలన్నీ తయారైపోతాయి. ఆ తర్వాత తరగడమే.

పెళ్లి పట్టుచీరను ఇరవై ఏళ్లు బీరువాలో ఉంచి తీయండి. ఒక్కసారీ కట్టకపోయినా మడతల దగ్గర పిగిలిపోతుంది. అండంలో క్రోమోజోముల (జన్యువులను మోసే పోగుల) జతలను పట్టి ఉంచే ప్రోటీన్లూ అంతే, ఏళ్లు గడిచేకొద్దీ సడలుతాయి. జతలు సరిగ్గా విడిపోవు. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువైతే బిడ్డకు డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఎదుగుదల, తెలివి మందగించే స్థితి. పాతికేళ్ల తల్లికి అది సుమారు 1,200 కాన్పుల్లో ఒకటి, నలభైలో 100కి ఒకటి. అంటే మిగతా 99 మందికి ఆ సమస్య లేదు. బెదిరించే బంధువులకు ఇది కూడా చెప్పండి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం ఈ క్రోమోజోముల తేడాలే. బొప్పాయి ముక్క తిన్నందుకు కాదండీ!

యోగా, జిమ్ మంచివే, కానీ అది బీరువాకు రంగు వేయించడం. లోపలి మడతలు మారవు. ఐవీఎఫ్ ఉన్న చీరల్లో, అంటే అండాల్లో, మంచిది ఏరగలదు, పాతదాన్ని కొత్తది చేయలేదు. ఏఎమ్‌హెచ్ అనే రక్తపరీక్ష ఎన్ని చీరలు మిగిలాయో ఓ అంచనా ఇస్తుంది, మడతల సంగతి చెప్పదు. అండాలు ఫ్రీజ్ చేయిస్తే వాటి వయసు అక్కడే ఆగుతుంది, కానీ 38లో దాచినవి 38వే.

మగవాళ్లూ, నవ్వకండి. మీ నేత, అంటే వీర్యకణాల తయారీ, రోజూ కొత్తదే, కానీ ఏడాదికి సుమారు రెండు కొత్త జన్యు మార్పులు అందులో చేరుతుంటాయి.

టైమైపోతోంది, మిగతావి గబగబా. వయసుతో గర్భంలో బీపీ, షుగరు, సిజేరియన్లు పెరుగుతాయి. మొదటి కాన్పు 35 దాటాకైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువ. ప్రయత్నం మొదలెట్టక ముందే బీపీ, షుగరు, థైరాయిడ్ చూపించుకోండి, డాక్టరుని అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలెట్టండి. 35 దాటితే ఆర్నెల్లు చూసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. 40 దాటితే అదీ ఆగొద్దు.