జెర్రిపోతుకీ తాచుకీ జత కుదరదు

శ్రోతలకు నమస్కారం.

నాకు పదేళ్ళప్పుడు పొదలకూరు దగ్గర మా నిమ్మతోటలో చూసింది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. రెండు పాములు తాడు పేనినట్టు చుట్టుకుని మూరెడెత్తు లేస్తున్నాయి, ఊగుతున్నాయి, దబ్బున పడి మళ్ళీ లేస్తున్నాయి. మా పెదనాన్న పరుగున ఇంటికెళ్ళి కొత్త తువ్వాలు తెచ్చి వాటి మీదికి విసిరారు, కలిసొస్తుందని. "తాచూ జెర్రిపోతూ జత కట్టాయిరా" అన్నారు.

ఆ మాట నిజం కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అవి రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. అది పోట్లాట. ఎదుటిదాని తలను నేలకు అదిమినదే గెలిచినట్టు. అంతసేపట్లో ఏదీ పడగ విప్పలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

తాచుది ఒక కుటుంబం, జెర్రిపోతుది ఇంకొకటి. కోట్ల ఏళ్ళ కిందటే వాటి దారులు వేరయ్యాయి. ఆ రెంటికీ కలిసి పిల్లలు పుట్టవు.

మరి పాముల్లో సంకరమే లేదా? ఉంది, దగ్గరి చుట్టాల మధ్య. అమెరికాలో పాముల్ని పెంచేవాళ్ళు ఎర్రమచ్చల కార్న్ స్నేక్‌నీ, నలుపు తెలుపు పట్టీల కాలిఫోర్నియా కింగ్ స్నేక్‌నీ జతకట్టించారు. పుట్టిన పిల్లలు మళ్ళీ పిల్లల్ని కనగలవు. అయితే వాటి ఒంటిమీది తీరు పసుపులో సున్నం కలిపితే ఎరుపొచ్చినంత ఖాయంగా రాదు. ఒక పిల్ల తల్లిలా ఉంటే, ఇంకోటి ఇద్దరికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. గీతల వెనక జన్యువులు ఒకటి కాదు, చాలా ఉంటాయి.

ఆ కింగ్ స్నేక్ కథే ఇంకోటి చెప్పాలి. పట్టీలున్నవీ, వెన్ను పొడవునా చార ఉన్నవీ వేరువేరు జాతులని ఒకప్పుడు అనుకునేవారు. 1930ల్లో శాండియాగోలో లారెన్స్ క్లౌబర్ ఒకే తల్లి గుడ్లు పొదిగించి చూస్తే రెండు రకాలూ బయటికొచ్చాయి! ఆయన ఉద్యోగం కరెంటు కంపెనీలో. పాములంటే ప్రాణం.

మనం నల్లతాచు, గోధుమతాచు అని వేరు చేస్తాం కదా, మన జిల్లాల్లో అవన్నీ ఒకే జాతి నాగుపాములు. శ్వేతనాగు కూడా అంతే. నలుపునిచ్చే పదార్థాన్ని తయారుచేయలేని జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. తల్లిదండ్రులిద్దరూ మామూలు రంగులో ఉండి ఆ లోపాన్ని లోపల మోస్తుంటే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లది.

ఇదంతా ఎందుకంటే, కనిగిరి వైపు ఒక కందిచేలో ఒకాయన లేత గోధుమ రంగు పామును కర్రతో తోస్తూ "ఇది జెర్రి సంకరం, విషముండదు" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. అది అచ్చమైన తాచు. ప్రతిసారీ పడగ విప్పాలని దానికేం లేదు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకి కూడా విషముంటుంది.

కాటు పడితే రంగు చూస్తూ నిలబడకండి, పామును చంపి వెంట తీసుకెళ్ళకండి. ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు మందు తాచుకీ, కట్లపాముకీ, రక్తపింజరికీ, చిన్నపింజరికీ ఒక్కటే.