మన పేగుల్లోనే తయారయ్యే మందు

ఇంత ఎండలో చిక్కడపల్లి దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ముందు ఈ గాజు ప్లేటు చూడండి. మబ్బు పట్టినట్టు పలచగా కనిపిస్తున్నదంతా ఒక రకం బ్యాక్టీరియా. మధ్యలో ఆవగింజంత చుక్క ఇంకో రకం. ఆ చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఏమీ పెరగలేదు, తేటగా ఉంది. చుక్కలోని బ్యాక్టీరియా చిన్న ప్రోటీన్ ముక్కల్ని వదిలి పక్కవాటిని చంపేసింది. ఆ ముక్కలే పెప్టైడ్లు. ఇలాంటి వాటిని బ్యాక్టీరియోసిన్లు అంటారు. బెల్జియంలో ఆంద్రే గ్రాషియా 1925లోనే వీటిని గమనించారు.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా, చాలావరకు పెద్దపేగులోనే. అక్కడ తిండికీ చోటుకీ రాత్రీపగలూ కొట్లాటే. ఈ పెప్టైడ్లలో చాలావాటి దెబ్బ దగ్గరి చుట్టాల మీదే, ఎందుకంటే అదే ముద్దకి పోటీకొచ్చేది వాళ్లే. అచ్చం దాయాదుల తగాదా.

నన్ను బాగా ఆకట్టుకున్నది థురిసిన్ సీడీ అనే పెప్టైడ్ల జంట. యాంటీబయాటిక్స్ వాడాక కొందరికి, ముఖ్యంగా ఆస్పత్రిలో ఉన్న పెద్దవాళ్లకి, విరేచనాలు ఒక పట్టాన ఆగవు. మంచి బ్యాక్టీరియాని మందు ఊడ్చేస్తే, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోతుంది. దీని విరుగుడు కోసం ఐర్లండ్ శాస్త్రవేత్తలు మనిషి మలంలోనే వెతికారు. అందులో దొరికిన ఒక బ్యాక్టీరియా వదిలే రెండు పెప్టైడ్లు జంటగా డిఫిసిల్‌ని చంపుతాయని 2010లో ప్రకటించారు. ల్యాబ్‌లో పెద్దపేగు లాంటి ఏర్పాటు చేసి చూస్తే, మిగతా బ్యాక్టీరియా జోలికి అవి పెద్దగా పోలేదు. ఎంత గురి చూడండి!

మనం మాత్రం జలుబు చేస్తే చాలు, మెడికల్ షాపుకెళ్లి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అడుగుతున్నాం. జలుబు వైరస్‌ని అది ఏమీ చేయదు, దెబ్బ తగిలేది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి. నాకు నిజంగా బాధేస్తుంది. ఈ ఊరి పక్కనే, పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడింది. అలాంటి నీళ్లలో మందుకి లొంగని సూక్ష్మజీవులు కాక ఇంకేం మిగులుతాయి?

అందుకే కొత్త వెతుకులాట. 2022లో చైనా శాస్త్రవేత్తలు పేగు బ్యాక్టీరియా జన్యువుల్ని కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, 216 పెప్టైడ్లు తయారుచేసి చూస్తే 181 పనిచేశాయి. కానీ ఇలాంటివాటిని మాత్రలా మింగితే చాలావరకు పప్పులో ప్రోటీన్ అరిగినట్టే అరిగిపోతాయి. పేగు దాకా చెక్కుచెదరకుండా ఎలా చేర్చాలన్నదే ఇప్పటి పెద్ద చిక్కు.

ప్లేటు ఈ బల్ల మీదే ఉంటుంది. పిల్లల్ని ముందుకు పంపండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వలయం బాగా కనిపిస్తుంది. మూతకి టేపు వేశాం, తీయకండి.