గండికోట అంచు నుంచి లంకమల పొదల దాకా

సభకు నమస్కారం.

మన ప్రాంతపు అభయారణ్యాల గురించీ, చూడదగిన స్థలాల గురించీ మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. కడపలో ఈ అంశం ఎత్తగానే అందరికీ ముందుగా గండికోట గుర్తుకొస్తుంది. ఆ తరువాత బెలుం గుహలు, అహోబిలం, నల్లమల. ఇవన్నీ తప్పక చూడవలసినవే. అయితే మన సీమలో అన్నిటికన్నా అరుదైన ప్రాణులు బతికిన నేల చూపులకు బీడులాగా ఉంటుంది. దాన్ని బీడుగానే లెక్కగట్టి, అందులో చాలా భాగాన్ని చేజేతులా పోగొట్టుకున్నాం. కొండ అంచున నిలబడి లోయను మెచ్చుకునే చూపు మనకు ఉంది. మోకాలెత్తు గడ్డినీ, నడుమెత్తు ముళ్ళపొదనూ అంతే ఆసక్తితో చూసే చూపు ఇంకా అలవడలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

అందరికీ తెలిసిన గండికోట నుంచే మొదలుపెడతాను. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కోట లోపల మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం దాటి బండల మీదుగా ముందుకు నడిస్తే, ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న ప్రవహించే లోయ ఒక్కసారిగా కాళ్ళ ముందు తెరుచుకుంటుంది. లోతు సుమారు 300 అడుగులు. ఎక్కువమంది అక్కడ నదిని చూసి, ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. నది కంటే ముందు కాళ్ళ కింది రాతిని చూడమని నేను చెబుతాను. గోడ కట్టేటప్పుడు రాతి వరుసలు పేర్చినట్టు, ఎర్రటి పొరలు ఒకదాని మీద ఒకటి దాదాపు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరకు గండికోట పేరే పెట్టారు. ఇది ఒకప్పుడు లోతు తక్కువైన సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక. కాలక్రమంలో గట్టిపడి రాయి అయింది. దీని వయసు కోట్లకొద్దీ సంవత్సరాలు. కడప ప్రాంతపు ఇలాంటి రాతిపలకల మీద చాలాచోట్ల అలల ముద్రలు కనిపిస్తాయి. ఏటి ఒడ్డున నీరు తీసిన తరువాత ఇసుక మీద మిగిలే సన్నటి చాళ్ళు ఎలా ఉంటాయో, ఇవీ అచ్చం అలాగే ఉంటాయి. చేత్తో తడిమితే వేళ్ళకు తెలుస్తాయి.

దీనికంటే పాతదైన మరొక రాతిపొరకు మన వేంపల్లె పేరు ఉంది. అందులో స్ట్రొమటోలైట్లు అనే శిలాజాలు ఉన్నాయి. జంతువులు గానీ చెట్లు గానీ భూమి మీద పుట్టకముందు, లోతు తక్కువైన నీళ్ళలో సూక్ష్మజీవులు నాచులాగా పొరలు పొరలుగా పెరిగి వదిలిపెట్టిన గుర్తులవి. అడ్డంగా కోసిన రాతిలో ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తాయి. పులివెందుల దారిలో వెళ్ళేవారెవరూ బండి ఆపి ఆ రాళ్ళ వంక చూడరు, వాటి ముందు ఒక బోర్డయినా లేకపోతే ఎందుకు ఆపుతారు! కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలను 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించారు, 1982–83లో జర్మన్ బృందం లోపలికి వెళ్ళి కొలిచింది, 2002లో సందర్శకుల కోసం తెరిచారు. ఆ గుహలను నీరు తొలిచింది నాపరాతిలోనే అన్న సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకుంటే, మన ఇళ్ళలో పరిచిన బండలను చూసే తీరు కూడా మారుతుంది.

ఇక లంకమలకు వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉండనివ్వండి.

సిద్ధవటం, బద్వేలు మధ్య పెన్నకు ఉత్తరాన లేచిన కొండలు లంకమలవి. కొండ మీద ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టుకు శేషాచలం, పాలకొండ, వెలిగొండ పరిసరాలే పుట్టిల్లు. లోపల లంకమల్లేశ్వర ఆలయం, నిత్యపూజకోన ఉన్నాయి. శివరాత్రికి, కార్తీకమాసానికి భక్తులు నడిచి వెళ్ళే దారులు అవి. అయితే ఈ అడవికి అభయారణ్యం హోదా తెచ్చిపెట్టినవి కొండా, కోనా, ఎర్రచందనమూ కావు. కొండ పాదాల దగ్గర, పొలాలకూ అడవికీ నడుమ ఉన్న ముళ్ళపొదల నేలలో తిరిగే ఒక పక్షి తెచ్చిపెట్టింది. అది కలివికోడి.

1848 ప్రాంతంలో టి. సి. జెర్డాన్ అనే సైనిక వైద్యుడు ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900లో అనంతపురం దగ్గర పెన్న లోయలో ఒకసారి నమోదైన తరువాత అది మళ్ళీ కనిపించలేదు. పక్షి శాస్త్రజ్ఞులు అంతరించిపోయిందనే నిర్ణయానికి వచ్చారు. 86 సంవత్సరాల తరువాత, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లి పొదల్లో దాన్ని మళ్ళీ గుర్తించారు. ఆ పక్షిని ఎరిగినవారు, రాత్రిపూట దాని జాడ పట్టగలిగినవారు ఆ ఊరి మనుషులే. పుస్తకాలు లేదన్న పక్షి ఊరివాళ్ళ ఎరుకలో ఉంది. 1988లో 464 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కలివికోడి చిన్న పక్షి, సుమారు 27 సెంటీమీటర్లు. గోధుమరంగు ఒళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు, గొంతు కింద చిన్న నారింజ మచ్చ. పగలంతా పొద నీడలో కదలకుండా ఉంటుంది. రాత్రి పురుగులు ఏరుకుంటూ పరిగెత్తుతుంది. ప్రమాదం వస్తే ఎగరడం కంటే పొదల నడుమ పరుగుకే మొగ్గు చూపుతుంది. అందువల్ల దానికి కావలసిన నేల చాలా ప్రత్యేకమైనది. పొదలు ఉండాలి, కానీ పొదకూ పొదకూ నడుమ పరిగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. పొదలన్నీ కొట్టేస్తే దాక్కోవడానికి చోటు లేదు. పొదలు మరీ చిక్కగా అల్లుకుపోతే తిరగడానికి దారి లేదు. రేగు, సండ్ర, కలివి పొదలతో ఉన్న ఇలాంటి నేలను మేకలు, గొర్రెలు మితంగా మేయడం కొంతవరకు తెరిపిగా ఉంచుతుంది. అతిగా మేస్తే, వంటచెరకు కోసం అతిగా నరికితే అదే నేల పాడవుతుంది. ఈ తూకం కాపరికి తెలుసు, పరిశోధకుడికి తెలుసు. బీడుభూమి అభివృద్ధి పేరుతో యంత్రాలు దింపే వారికే తెలియదు.

కంటికి కనిపించని పక్షిని ఎలా లెక్కించారో వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టిని జల్లించి సన్నటి పట్టీలుగా పరిచారు. మరునాటి ఉదయం వెళ్ళి ఆ మట్టి మీద పడిన అడుగులను ఒక్కొక్కటిగా పరిశీలించారు. కలివికోడికి ముందువైపు మూడు వేళ్ళే ఉంటాయి, వెనక వేలు ఉండదు. తీతువు అడుగు, కౌజు అడుగు, పూరేడు అడుగు దేనికది వేరుచేసి, కొలతలు తీసి, ఈ పక్షి నడిచిన చోట్లను పటం మీద గుర్తించారు. చీకటి పడిన కొద్దిసేపటికి అది కొంతసేపు మాత్రమే చేసే రెండక్షరాల కూతను కూడా రికార్డు చేశారు. పొద పక్కన కూర్చుని మట్టిలో అచ్చులు కొలవడం కంటే ఓపికగా ప్రకృతిని చదివిన పని మన జిల్లాలో మరొకటి జరిగిందని నేను అనుకోను.

ఆ పరిశోధన పుస్తకాలకే పరిమితం కాలేదు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి తిరిగే పొదల్లోకి చొచ్చుకువచ్చినప్పుడు, ఆ అడుగుజాడల ఆధారాలే వాదనకు బలమిచ్చాయి. కాలువ దారి మార్చారు. పక్షికి అనువైన మరికొంత నేలను సేకరించారు. నీళ్ళు వద్దని ఎవరూ అనలేదు, కరువు సీమలో అలా అనడం ఎవరికీ తగదు. కాలువకు దారి మార్చవచ్చు, ఆ పక్షికి వేరే నేల చూపించలేం. ఈ తేడాను ఆనాడు గుర్తించారు. అది మనం గర్వించవలసిన విషయం.

రోళ్ళపాడు కథ ఇంత సంతోషకరమైనది కాదు. ఇప్పటి నంద్యాల జిల్లాలో, నందికొట్కూరుకు దగ్గరలో, 614 హెక్టార్ల గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. దానికి కారణం బట్టమేక పక్షి. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో అది ఒకటి. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపక్షి ఏటా సాధారణంగా ఒక్క గుడ్డే, అదీ గూడు లేకుండా నేల మీదే పెడుతుంది. అలాంటి ప్రాణికి మనిషి కాలు, కుక్క నోరు, ట్రాక్టరు చక్రం అన్నీ శత్రువులే. కంచె వేశారు, కాపలా పెట్టారు, గడ్డి బాగా పెరిగింది. దానితో కృష్ణజింకలు వందల్లోకి పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి. పైరు పోయిన రైతుకు అభయారణ్యం మీద ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది? మరోవైపు చుట్టూ సాగునీరు వచ్చి మెట్టపంటల తీరు మారిపోయింది. బట్టమేక కంచె లోపల మాత్రమే బతికే పక్షి కాదు. జొన్నచేలల్లో, బీళ్ళలో మేత కోసం దూరదూరం తిరిగేది. కంచె లోపలి గడ్డి మిగిలింది, వెలుపలి నేల మారింది, ఏళ్ళుగా అక్కడ ఆ పక్షి కనిపించడం లేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు బాధ కలుగుతుంది. రైతుకు పంటనష్టం సకాలంలో చెల్లించడం పక్షి సంరక్షణలో భాగమే అన్న సంగతిని మనం ఆలస్యంగా నేర్చుకున్నాం.

అయినా రోళ్ళపాడుకు వెళ్ళడం మానకండి. వానలు వెనుకబట్టిన తరువాత, గడ్డి పసుపు తిరిగే కాలంలో ఉదయాన్నే వెళ్ళండి. కృష్ణజింకల మందలు, అదృష్టం బాగుంటే తోడేలు, శీతకాలంలో గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో తేలిపోయే వలస గద్దలు కనిపిస్తాయి. కొండ లేదు, నీళ్ళు లేవు, ఎత్తైన చూపుస్థలం లేదు. మొదటి అరగంట ఏమీ లేదనిపిస్తుంది; ఆ అరగంట ఓర్చుకున్నవారికే గడ్డి తన లోపలిది చూపిస్తుంది.

అనంతపురం వైపు రెండు సంగతులు మాత్రం చెబుతాను. గుత్తి కోట ఎక్కినవారు చాలామంది ఉంటారు. 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక నీలిరంగు సాలీడును జంతు శాస్త్రజ్ఞుడు ఆర్. ఐ. పొకాక్ వర్ణించారు. అది కలపతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందని తరువాత భావించారు. శతాబ్దం గడిచాక నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో దాని అసలు నివాసం బయటపడింది. ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది కాబట్టి, ఎండిన చెట్టును పనికిరానిదని నరికితే దాని ఇల్లు పోయినట్టే. రెండవది, లేపాక్షికి దగ్గరలోని చిలమత్తూరు మండలం వీరాపురం. అక్కడ రంగురంగుల పెద్ద కొంగలు ఏటా వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని శుభంగా భావించి కాపాడుకుంటున్నారు. లేపాక్షి బసవన్నను చూసి వెనుదిరిగేవారు ఆ ఊరికి కూడా వెళ్ళాలి, ఆ చెట్ల కింద గొంతు తగ్గించి మాట్లాడాలి.

చివరగా కళాశాల విద్యార్థులకు ఒక సూచన. మీ ఊరి పక్కన పోరంబోకు, బీడు, గుట్ట ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఒక ఏడాదిపాటు నెలకోసారి చూసి రండి. తంగేడు ఎప్పుడు పూసింది, బోదగడ్డి ఎప్పుడు కోశారు, ఏ పిట్ట ఎక్కడ గుడ్డు పెట్టింది, గొర్రెల మంద ఏ నెలలో ఏ వైపు మేసింది, ఇవన్నీ తేదీతో సహా రాసిపెట్టండి. గొర్రెల కాపరిని వెంట తీసుకెళ్ళండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయండి. రెవెన్యూ రికార్డులో బంజరు అని ఉన్న చోట ఏమేమి బతుకుతున్నాయో చూపించే కాగితం మీ చేతిలో ఉంటే, రేపు అక్కడ తవ్వకమో, తోటో, ప్లాట్లో వచ్చినప్పుడు గ్రామసభలో మాట్లాడటానికి మీకు ఆధారం ఉంటుంది. మొక్కలు నాటే కార్యక్రమం పెట్టేవారు కూడా ముందుగా ఆ కాగితం చూడాలి. సహజమైన గడ్డినేలలో, పొదనేలలో గుంతలు తీసి చెట్లు నాటడం అక్కడి ప్రాణులకు మేలు కాదు.

లంకమలకు వెళ్ళదలచినవారు అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్ళాలి, రాత్రిపూట సొంతంగా పొదల్లో తిరగకూడదు, కలివికోడి కూతను ఫోనులో మోగించి దాన్ని పిలిచే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఒకవేళ అలాంటి పక్షిని చూసినట్టు, దాని కూత విన్నట్టు మీకు అనిపిస్తే, స్థలం వివరాలను సామాజిక మాధ్యమాల్లో పెట్టకుండా సమీపంలోని అటవీశాఖ కార్యాలయానికి మాత్రమే తెలియజేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు.