వెదురు కలం రివ్యూ: రంగులు పక్కన పెట్టి 2 నెలలు గీతలే గీశాను

అందరికీ నమస్కారం, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది చూడండి, ఇది పెన్ను. తట్టలు, చేటలు అల్లే మేదర వాళ్ళని అడిగి, మిగిలిన వెదురు ముక్క తెచ్చుకుని చెక్కాను. ఈరోజు రివ్యూ దీని మీదే.

ఎందుకు మొదలుపెట్టానో ముందు చెప్తాను. మన వైపు బొమ్మలు వేసే పిల్లలకి వడ్డాది పాపయ్య గారంటే ఎంత గౌరవమో మీకు తెలుసు, ఆయన పుట్టింది మన శ్రీకాకుళంలోనే, 1921లో. ఆయన చందమామ ముఖచిత్రాలు చూస్తూ పెరిగిన నాకు బొమ్మంటే రంగే. పెన్సిల్‌తో పైపైన గీసేసి ఎప్పుడెప్పుడు ఆక్రిలిక్ ట్యూబు మూత తీద్దామా అని ఉండేది. దాంతో భుజం ఎక్కడ ఆగి చెయ్యి ఎక్కడ మొదలైందో నాకే తెలియకపోయినా, రంగు పడితే సర్దుకుంటుందిలే అనుకునేవాణ్ణి. ఏళ్ళు గడిచినా సర్దుకోలేదు.

అప్పుడు డచ్ చిత్రకారుడు వాన్ గో గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 1888లో ఆయన ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు రెల్లు కాడలు చెక్కి పెన్నులు చేసుకున్నాడు. ఆ వేసవిలో, అప్పటికే ఆయిల్ రంగుల్లో వేసిన బొమ్మల్ని మళ్ళీ ఆ కలంతో కాగితం మీద గీసి, తన చిత్రకారుల స్నేహితులు ఎమిల్ బెర్నార్‌కి 15, జాన్ రస్సెల్‌కి 12, తమ్ముడు తియోకి 5 పంపాడు. పెయింటింగ్ అయిపోయాక డ్రాయింగ్! రంగు ఉండాల్సిన చోట చుక్కలు, పొట్టి గీతలు, మెలికలు. డ్రాయింగ్ అంటే పెయింటింగ్‌కి ముందు చేసే పని అని ఇన్నాళ్ళూ అనుకున్నాను కదా, అది ఆ రోజుతో పోయింది.

సరే, కలం సంగతి. చివర ఏటవాలుగా కోసి, మధ్యలో బ్లేడుతో సన్నటి చీలిక పెట్టాలి. మొదటి రెండూ చీలిపోయాయి, పచ్చి ముక్కలు తీసుకోవడం నా తప్పు, బాగా ఎండినది కావాలి. సిరాలో ముంచి గీస్తే మొదట చిక్కటి నలుపు, నాలుగు వేళ్ళ దూరం వెళ్ళేసరికి పలచబడి గరుగ్గా ఆగిపోతుంది. మళ్ళీ ముంచాలి. మొదటి వారం దీనికే విసుగొచ్చేది. తర్వాత అర్థమైంది, సిరా అంతసేపే ఉంటుంది కాబట్టి ఈ గీత ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి అని ముంచేటప్పుడే చూసుకోవాల్సి వస్తోంది. రబ్బరు పెట్టి చెరపడం కుదరదు, అందుకని కాగితం కన్నా ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కువసేపు చూడటం అలవాటైంది.

జిరాక్స్ కాగితం మాత్రం వద్దు, సిరా పాకిపోతుంది. మందపాటి కార్ట్రిడ్జ్ పేపర్ తీసుకోండి. ఇండియన్ ఇంక్ అయితే పని అవగానే కలం కడిగేయండి, లేకపోతే ఎండి గట్టిపడిపోతుంది.

ఇంకో ప్రయత్నం కూడా చేశాను. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు పుల్లకి గుడ్డ చుట్టి, దారంతో బిగించి, వేళ్ళతో నొక్కుతూ రంగు వదులుతారు కదా, అలా నేనూ చుట్టి చూశాను. గీత ఆగకుండా చాలా దూరం వెళ్ళింది. కోట గోడ, బురుజు లాంటి పెద్ద వంపులకి అది బాగుంది, మనుషుల ముఖాలకి ఉత్త కలమే నాకు నచ్చింది.

ఇప్పుడు ఈ పేజీ చూపించకుండా ఉండలేను, కెమెరా దగ్గరికి పెడుతున్నాను. మార్కెట్లో ఒక పెద్దావిడ వంకాయల గంప. గంట సేపు గీశాను, ఆవిడ వంగి చూసి, "ఏటి బాబూ, నా గంప పడిపోతన్నట్టు గీసీసినావు? కింద రాయెట్టాను కదా, అది ఏదీ?" అంది. నిజమే, గంప ఒక పక్కకి వాలకుండా కింద చిన్న రాయి ఉంది. గంట సేపు చూసి కూడా నేను దాన్ని చూడలేదు. ఇదిగో, ఈ మూల నల్లగా ఉన్నది ఆ రాయే, ఆవిడ ముందే పెట్టాను. అది పడగానే గంప బరువు నేల మీద కూర్చుంది.

ఈ 2 నెలల తర్వాత మళ్ళీ రంగులు తీశాను. ఒక కాన్వాసు సగమైంది, మీకు ఇంకా చూపించను. ఇప్పుడు బ్రష్ కూడా పొట్టి గీతల్లోనే పోతోంది, ఎక్కడ ఖాళీ వదలాలో ముందే తెలుస్తోంది. అయినా పొద్దున్నే లేచి మొదట పట్టుకునేది కలమే.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, 10కి 9. ఆ 1 మార్కు సిరా మరకలకి. మీరూ చెక్కి చూడండి, ఎండిన వెదురే. ఈ ఆదివారం మార్కెట్‌కి వెళ్తున్నాను, ఆవిడ తన బొమ్మకి ఇంకో కాపీ గీసిమ్మని అడిగింది.